గోగునారకు ప్లాస్టిక్ పట్టాలంటే: కాస్టిక్ సోడానా, కప్లింగ్ ఏజెంటా?

శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో పండే గోగునార బలమైనదే. కానీ దాన్ని పాలీప్రొపిలీన్ అనే ప్లాస్టిక్‌లో కలిపి కాంపోజిట్ (మిశ్రమ పదార్థం) పలక చేస్తే ఆ బలమంతా పలకలోకి రాదు. నారలోని సెల్యులోజ్ నీటిని పీల్చే రకం, పాలీప్రొపిలీన్ మైనం లాంటిది. పలకను లాగితే నార తెగకుండా ఒరలోంచి కత్తిలా జారి వచ్చేస్తుంది.

కాస్టిక్ సోడా పాత మార్గం. సుమారు 5 శాతం ద్రావణంలో నానబెడితే మైనం, పెక్టిన్, హెమిసెల్యులోజ్ కొంత పోయి నార గరుకవుతుంది. నున్నటి కాంక్రీటుకు ప్లాస్టరింగ్ పట్టడానికి మేస్త్రీ గాట్లు పెడతాడే, అదే పని. చవకే, కానీ గాఢత పెరిగితే నారే దెబ్బతింటుంది. కడిగిన నీటిని తటస్థం చేసే ఖర్చు కూడా లెక్కలో వేసుకోవాలి.

రెండోది కప్లింగ్ ఏజెంట్, అంటే నారనూ ప్లాస్టిక్‌నూ కలిపి పట్టి ఉంచే పదార్థం. ఇక్కడ అది మెలియిక్ అన్‌హైడ్రైడ్ అనే రసాయనం తగిలించిన పాలీప్రొపిలీన్. పెళ్లిళ్ల పేరయ్య అనుకోండి. అన్‌హైడ్రైడ్ కొస నారలోని హైడ్రాక్సిల్ గుంపులతో ఎస్టర్ బంధం వేసుకుంటుంది, పొడవాటి తోక చుట్టూ ఉన్న ప్లాస్టిక్‌లో చిక్కుకుపోతుంది. కొద్ది శాతం కలిపితే చాలు, నానబెట్టే తంతు లేదు.

తేడా ఎంతో ఒక ఊహా లెక్కలో చూద్దాం. నార తెగేదాకా బరువు మోయాలంటే దానికి కనీస పొడవు ఉండాలి: నార బలాన్ని మందంతో గుణించి, అంటు బలానికి (నారకూ ప్లాస్టిక్‌కూ మధ్య పట్టుకు) రెట్టింపుతో భాగించాలి. బలం 400 మెగాపాస్కల్స్, మందం 0.06 మిల్లీమీటర్లు అనుకుందాం. అంటు 8 మెగాపాస్కల్స్ అయితే 1.5 మిల్లీమీటర్లు కావాలి, 15 అయితే 0.8 చాలు. ఇంజెక్షన్ మోల్డింగ్‌లో నార ఎటూ ముక్కలైపోతుంది కాబట్టి ఆ తేడాయే ఫలితాన్ని తేలుస్తుంది. పాలీప్రొపిలీన్‌తో పనైతే నా ఓటు కప్లింగ్ ఏజెంటుకే. తేమలోనూ నార, ప్లాస్టిక్ మధ్య అంటు త్వరగా విడిపోదు.

అలాగని అంటు ఎంత గట్టిగా ఉంటే అంత మంచిదనుకోవద్దు. నార జారుతూ బయటికి వచ్చేటప్పుడు దెబ్బ శక్తిని మింగుతుంది. అంటు మరీ బిగిస్తే పగులు ఆగకుండా నేరుగా సాగిపోతుంది. తూటాలను ఆపే అరామిడ్ (కెవ్లార్ లాంటి గట్టి కృత్రిమ నార) పలకల్లో పొరలు విడిపోయేలా అంటును కావాలనే వదులుగా ఉంచుతారు.

చేత్తో పాలిస్టర్ రెసిన్ పూసి పలకలు చేసేవారికి మాత్రం ఈ పేరయ్యతో పని లేదు. అతని తోక కలిసేది పాలీప్రొపిలీన్‌లోనే. అక్కడ కాస్టిక్ సోడాలో నానబెట్టి, బాగా కడిగి, తడి లేకుండా ఆరబెట్టిన నారే మేలు.