హావ్‌లాక్‌లో స్కూబా కోర్సు: ఎక్కడ ఉండాలి, ఎవరి దగ్గర నేర్చుకోవాలి

అండమాన్ ప్యాకేజీల్లో స్కూబా అంటే ఒక పూట కార్యక్రమం. సూట్ తొడిగి, వెనక నుంచి ఒకరు సిలిండర్ పట్టుకుని నీళ్ళలో కాసేపు తిప్పి, ఫొటోలు తీసి పైకి తెస్తారు. ఈత రానివాళ్ళు కూడా వెళ్ళొచ్చు, 12 మీటర్లకు మించి దింపకూడదు. భయం పోవడానికి అది బాగానే పనికొస్తుంది. కానీ అంత దూరం వెళ్ళి, చేతిలో నాలుగు రోజులు ఉండి కూడా ఆ ఒక్క పూటతో సరిపెట్టుకుని వచ్చేవాళ్ళను చూస్తే నాకు ప్రాణం ఉసూరుమంటుంది. ఆ నాలుగు రోజుల్లో సొంతంగా డైవ్ చేయడం నేర్పే ఓపెన్ వాటర్ కోర్సు పూర్తయిపోయి, సర్టిఫికెట్ కార్డు చేతికొస్తుంది. ఆ కార్డు ఉంటే ఏ దేశంలోనైనా ఇంకో డైవర్ తోడుగా 18 మీటర్ల దాకా దిగొచ్చు. కార్డుకు గడువు లేదు. పదేళ్ళు నిండిన పిల్లలు కూడా జూనియర్ కోర్సు చేయొచ్చు.

నేనూ మా చెల్లీ హావ్‌లాక్‌లో చేశాం. 2018లో ఆ దీవికి స్వరాజ్ ద్వీప్ అని పేరు పెట్టారు, 2024లో పోర్ట్ బ్లెయిర్ శ్రీ విజయపురం అయింది. బుకింగుల్లో పాత పేరూ కొత్త పేరూ రెండూ కనిపిస్తాయి, కంగారు పడకండి. విశాఖ నుంచి ఓడ ఉంది గానీ అది అరుదుగా తిరుగుతుంది, పైగా సముద్రం మీదే రెండు రోజులకు పైగా పడుతుంది. సెలవులు లెక్కపెట్టుకుని వెళ్ళేవాళ్ళకు విమానమే దారి. పోర్ట్ బ్లెయిర్‌లో తెలుగు వినిపిస్తే ఆశ్చర్యపోవద్దు, శ్రీకాకుళం వైపు నుంచి తాతల కాలంలో వచ్చి స్థిరపడిన కుటుంబాలు అక్కడ చాలా ఉన్నాయి. మేం టిఫిన్ చేసిన చోట యజమాని మా మాట వినగానే "ఏ ఊరండీ మీది?" అని అడిగి, ఇంకో రెండు ఇడ్లీలు వేసి మరీ పంపించారు.

అక్కడి నుంచి హావ్‌లాక్‌కు ప్రైవేటు ఫెర్రీలో గంటన్నర నుంచి రెండు గంటలు. ఏసీ సీట్లు, అద్దాలు మూసి ఉంటాయి. సముద్రం కాస్త అల్లరి చేసిందంటే కడుపులో తిప్పుతుంది, మాత్ర ముందే వేసుకోవాలి. ప్రభుత్వ ఫెర్రీ ఇంకొంచెం నెమ్మది, ధర బాగా తక్కువ, డెక్ మీద నిలబడి గాలి పీల్చుకోవచ్చు. టికెట్ దొరికితే నా ఓటు దానికే. దొరకడమే కష్టం. విమానం ఖాయం కాగానే చేయాల్సిన పని ఫెర్రీ టికెట్లు తీసుకోవడం, హోటల్ సంగతి తర్వాత చూసుకోవచ్చు.

హోటల్ విషయంలో చాలామంది రాధానగర్ బీచ్ పేరు విని అక్కడే గది తీసుకుంటారు. ఏడో నంబరు బీచ్ అదే. ఈతకూ సూర్యాస్తమయానికీ దానికి సాటి లేదు, తాజ్ రిసార్ట్ కూడా ఆ వైపే. డైవింగ్ నేర్చుకునేవాళ్ళకు మాత్రం అది దూరం. డైవ్ సెంటర్లు ఎక్కువగా జెట్టీకీ ఐదో నంబరు బీచ్‌కీ మధ్య, గోవింద్‌నగర్, విజయనగర్ వైపు ఉంటాయి. అండమాన్‌లో తెల్లవారుజామున ఐదింటికే వెలుగు వచ్చేస్తుంది, పడవలు త్వరగా బయల్దేరతాయి. ఆ వేళలో దీవి ఆ కొస నుంచి ఈ కొసకు రోజూ రావడం అలసట. మేం విజయనగర్ దగ్గర ఫ్యాన్ ఉన్న చెక్క గుడిసె తీసుకున్నాం. దోమతెర ఉంది, కరెంటు పోతే జనరేటర్ ఉంది, సెంటర్‌కు నడిచి వెళ్ళేవాళ్ళం. ఆటుకు సముద్రం బాగా వెనక్కి వెళ్ళిపోతుంది కాబట్టి ఆ బీచ్‌లో ఈతకు వీలుండదు. అయినా రోజంతా నీళ్ళలో ఉండి వచ్చినవాళ్ళకు సాయంత్రం మళ్ళీ ఈత కొట్టే ఓపిక ఉండదు. గదికి పెట్టే డబ్బు తగ్గించి కోర్సుకు పెట్టండి. భోజనానికి గోవింద్‌నగర్ బజార్ చాలు. 1950లలో తూర్పు బెంగాల్ నుంచి వచ్చి స్థిరపడిన కుటుంబాల ఊళ్ళివి, చేపల కూర, పప్పు, అన్నం కడుపు నిండా పెడతారు. శాకాహారులకూ ఇబ్బంది లేదు.

ఇక అసలు విషయం, సెంటర్ ఎంచుకోవడం. డైవింగ్ కోర్సులు నడిపి కార్డులిచ్చే సంస్థల్లో పాడీ అయినా ఎస్ఎస్ఐ అయినా పెద్ద తేడా లేదు, రెండు కార్డులూ అన్నిచోట్లా చెల్లుతాయి. తేడా అంతా మీ ఇన్‌స్ట్రక్టర్ చేతిలో ఎంతమంది ఉన్నారన్నదే. పాడీ నియమం ప్రకారం సముద్రంలో ఒక ఇన్‌స్ట్రక్టర్ ఎనిమిది మంది విద్యార్థుల దాకా తీసుకెళ్ళొచ్చు. అది పైహద్దు. నలుగురు దాటితే నేనైతే చేరను. మేం మొదట అడిగిన చోట బ్యాచ్‌లో ఎంతమంది అంటే సమాధానం చెప్పకుండా, వీడియో ఉచితం అని రెండుసార్లు చెప్పారు. అక్కడి నుంచి లేచి వచ్చేశాం. తర్వాత వెళ్ళిన చోట ముందు మెడికల్ ఫారం చేతిలో పెట్టారు. ఉబ్బసం ఉందా, సైనస్ ఉందా, బీపీ మందులు వాడుతున్నారా అని ఒక్కొక్కటీ చదివించారు. ఇలాంటివి 'ఉంది' అని రాస్తే డాక్టర్ సంతకం కావాల్సి రావచ్చు. దీవిలో ఆ సంతకం కోసం తిరగడం కష్టం కాబట్టి ఫారం ముందే తెప్పించుకుని ఊళ్ళోనే డాక్టర్‌కు చూపించుకోండి. థియరీ కూడా ఇంటి దగ్గరే ఫోన్‌లో చదివేయొచ్చు, పాడీ పరీక్షలో 75 శాతం వస్తే చాలు.

ఈత పరీక్ష పేరు చెబితే మా చెల్లికి ముందునుంచీ టెన్షన్. 200 మీటర్లు ఏ పద్ధతిలోనైనా ఈదొచ్చు, సమయం పట్టింపు లేదు, తర్వాత పది నిమిషాలు నీళ్ళ మీద తేలాలి. అది సులువుగానే దాటింది. ఇబ్బంది మాస్క్ దగ్గర వచ్చింది. మాస్క్‌లోకి నీళ్ళు నింపుకుని, నోటితో ఊపిరి తీసుకుంటూ, పై అంచు నొక్కి, ముక్కుతో గాలి వదిలి ఆ నీళ్ళు బయటికి తోసేయాలి. చెప్పినంత తేలిక కాదు. ముక్కుకు నీళ్ళు తగలగానే ఒళ్ళు తనంతట తానే పైకి లేవమంటుంది. చెల్లి ప్రతిసారీ పైకి లేచేది. ఇన్‌స్ట్రక్టర్ ఒక్కసారి కూడా విసుక్కోలేదు. మమ్మల్ని పక్కన కూర్చోమని, తనతో నడుము లోతు నీళ్ళలో మాస్క్ లేకుండా ముఖం ముంచి, సిలిండర్ గాలిని నోటికి అందించే రెగ్యులేటర్‌తో ఊపిరి తీసుకోవడం ఒక్కటే చాలాసేపు చేయించారు. మర్నాడు మాస్క్ పూర్తిగా తీసి మళ్ళీ పెట్టుకుంది. పైకి వచ్చి "అక్కా, అయిపోయింది!" అని అరిచింది. కిక్కిరిసిన బ్యాచ్‌లో ఎవరూ ఆమె కోసం అంతసేపు ఆగేవారు కాదు. వసతి, పడవ, టీ బిస్కెట్లు అన్నీ చిన్న బ్యాచ్ తర్వాతే.

ఈ మొదటి పాఠాలు కొన్ని సెంటర్లు స్విమ్మింగ్ పూల్‌లో, కొన్ని లోతు తక్కువ సముద్రంలో చెబుతాయి. నీళ్ళంటే జంకు ఉన్నవాళ్ళకు పూల్ మేలు. కాళ్ళ కింద నేల కదలదు, అల ముఖం మీద కొట్టదు.

తర్వాత సముద్రంలో నాలుగు డైవ్‌లు. ప్రతి పది మీటర్లకు, ఒడ్డున గాలి మన మీద వేసేంత ఒత్తిడి అదనంగా పెరుగుతుంది కాబట్టి మొదటి మీటర్ నుంచే ముక్కు పట్టుకుని మెల్లగా ఊది చెవులు సర్దుకుంటూ దిగాలి. నొప్పి వచ్చాక కాదు, రాకముందే. జలుబు ఉంటే ఆ రోజు మానేయండి. ఊపిరి బిగబట్టకూడదన్నది అన్నిటికన్నా పెద్ద నియమం. బిగబట్టి పైకి వస్తే ఊపిరితిత్తుల్లో గాలి వ్యాకోచించి ప్రమాదం. ఇంకొకటి, బొటనవేలు పైకి చూపిస్తే నీళ్ళలో దాని అర్థం 'పైకి వెళ్దాం' అని. చేపను చూసి సంతోషంగా బొటనవేలు ఎత్తారంటే ఇన్‌స్ట్రక్టర్ మిమ్మల్ని పైకి తీసుకుపోతారు.

మా డైవ్‌లు లైట్‌హౌస్, అక్వేరియం అనే చోట్ల జరిగాయి. నీళ్ళలో మునగడానికి కట్టుకున్న బరువు సరిగ్గా కుదిరి, ఊపిరి పీలిస్తే కాస్త లేచి, వదిలితే కాస్త దిగే స్థితి వచ్చాక గద్ద రెక్క కదపకుండా గాల్లో తేలినట్టు ఉంటుంది. లయన్ ఫిష్, బండ సందులో నోరు తెరిచి చూసే మోరే ఈల్, చేతులు చాచిన సీ ఎనిమోన్‌లో క్లౌన్ ఫిష్ చూశాం. ఎరుపు రంగు కొన్ని మీటర్లకే మాయమై అన్నీ నీలిబూడిద రంగులోకి మారతాయి, టార్చ్ వేస్తే అసలు రంగు బయటపడుతుంది.

కోర్సే చేయమని నేను గట్టిగా చెప్పడానికి కారణం కూడా ఇక్కడే ఉంది. 2010 వేసవిలో సముద్రం వేడెక్కి అండమాన్ పగడాలు పెద్ద ఎత్తున తెల్లబడ్డాయి. లోతు తక్కువ చోట్ల ఎక్కువ నష్టం జరిగింది, చచ్చిన పగడాల ముక్కలు అక్కడ ఇప్పటికీ పరుచుకుని కనిపిస్తాయి. ఒక పూట డైవ్‌కు తీసుకెళ్ళేది ఎక్కువగా అలాంటి చోట్లకే. లోతుకు వెళ్ళేకొద్దీ సముద్రం నిండుగా ఉంటుంది. డిక్సన్స్ పినకిల్, జానీస్ గార్జ్ లాంటి పేరున్న చోట్లు ఇంకా లోతు, వాటికి 30 మీటర్ల దాకా అనుమతిచ్చే అడ్వాన్స్‌డ్ కోర్సు చేసి ఉంటే మంచిది. మా రుషికొండలో కూడా స్కూబా ఉంది, కార్డు వచ్చాక అలవాటు తప్పకుండా ఉండడానికి విశాఖవాళ్ళకు అది ఉపయోగమే. కానీ నీళ్ళలో చూపు అంత దూరం ఆనదు. నేర్చుకోవడానికి అండమాన్ నీళ్ళే నయం.

మేం వెళ్ళినప్పుడు ఒక్కొక్కరికి కోర్సు 30 వేల చిల్లర అయింది. పుస్తకాలు, పరికరాల అద్దె, కార్డు ఫీజు అందులోనే ఉన్నాయా అని ముందే రాతపూర్వకంగా అడగండి. డిసెంబర్ నుంచి ఏప్రిల్ దాకా సముద్రం ప్రశాంతంగా ఉంటుంది, జూన్ నుంచి సెప్టెంబర్ వానల్లో ఈ పని పెట్టుకోవద్దు.

తిరుగు ప్రయాణం లెక్క కూడా డైవింగ్‌ను బట్టే వేసుకోవాలి. వరసగా డైవ్‌లు చేశాక కనీసం 18 గంటలు విమానం ఎక్కకూడదు, ఒంట్లో మిగిలిన నైట్రోజన్ బుడగలుగా మారే ప్రమాదం ఉంది. మేం చివరి డైవ్ తర్వాత రోజు పోర్ట్ బ్లెయిర్‌లో ఉండి సెల్యులార్ జైలు చూశాం. సమయం ఉన్నవాళ్ళు నీల్ దీవిలో ఒక రాత్రి ఆగొచ్చు, అక్కడ సైకిల్ మీద ఊరంతా తిరగొచ్చు. ఒడ్డున దొరికిన పగడపు ముక్కలు మాత్రం బ్యాగులో వేసుకోకండి. చట్టం ఒప్పుకోదు, విమానాశ్రయంలో తనిఖీ చేసి తీసేసుకుంటారు.