దీపావళి తెల్లారి మా చిట్టికి వైద్యం చేసిన క్లినిక్ (4/5)

విశాఖ సీతమ్మధారలో ఉన్న చిన్న పశువుల క్లినిక్ గురించి రాస్తున్నాను. కుందేలుని పెంచుకునేవాళ్ళు తప్పకుండా చదవండి.

దీపావళి రాత్రి మా సందులో పన్నెండు దాటినా బాంబులు ఆగలేదు. మా కుందేలు చిట్టి మంచం కిందికి దూరి, చెవులు వీపుకి అతికించుకుని కూర్చుంది. పొద్దున చూస్తే గడ్డి పెట్టింది పెట్టినట్టే ఉంది. రోజూ శనగగింజంత ఉండే పెంటికలు మిరియపు గింజలంత అయిపోయాయి, అవీ ఏడెనిమిదే. మధ్యాహ్నానికి అసలు లేవు. దగ్గర్లో ఒకచోట అడిగితే మేము కుందేళ్ళకి వైద్యం చెయ్యం అన్నారు. ఆటో ఎక్కి ఇక్కడికొచ్చాం.

డాక్టరుగారు వెంటనే చెయ్యి వెయ్యలేదు. బుట్ట మీద తువ్వాలు కప్పి, వెనక గదిలో పది నిమిషాలు వదిలేశారు. ఆ తర్వాతే స్టెతస్కోపు పొట్ట మీద పెట్టి, నన్నూ వినమన్నారు. గుడగుడమనాల్సిన చోట ఏమీ లేదు. ఎక్స్‌రే తీసి, ఎక్కడా అడ్డం లేదని చూసుకున్నాకే పేగులు కదిలే మందు ఇచ్చారు. నొప్పికి ఇంజెక్షన్, చర్మం కింద గోరువెచ్చని సెలైన్.

ఆయన ఓపిగ్గా విడమరిచి చెప్పారు. భయపడితే అడ్రినలిన్ పెరిగి పేగుల కదలిక మందగిస్తుందట. మెదడులో విడుదలయ్యే సీఆర్ఎఫ్ అనే హార్మోను పొట్ట ఖాళీ అవడాన్ని ఆలస్యం చేసి, పెద్దపేగుని మాత్రం తొందరపెడుతుందట. టెన్షన్ పడ్డ కుక్కలకి విరేచనాలు పట్టుకునేది అందుకేనట. కుందేలుకి మాత్రం పేగు ఆగితే గ్యాస్ పట్టి నొప్పి వస్తుంది, ఆ నొప్పికి పేగు ఇంకా బిగుసుకుంటుంది. పైగా దానికి వాంతి చేసుకోవడం రాదు. 1890ల్లోనే వాల్టర్ కానన్ అనే అమెరికా శాస్త్రవేత్త ఎక్స్‌రేలో పిల్లి పొట్ట చూశాడట. పిల్లి బెదిరితే కదలిక ఆగిపోయేది, నెమ్మదిస్తే మళ్ళీ మొదలయ్యేది. ఇది విన్నాక ఆ పది నిమిషాల తువ్వాలు ఎందుకో నాకు అర్థమైంది.

రాత్రంతా కొన్ని గంటలకోసారి సిరంజితో మెత్తటి మేత పట్టాను. తెల్లవారుజామున పరిచిన పేపరు మీద టప్‌మని ఒక్క పెంటిక పడింది. మా అమ్మని నిద్ర లేపి మరీ చూపించాను.

ఒక స్టారు తగ్గించింది వెయిటింగ్ హాలుకి. అందరికీ అదొక్కటే. మొరిగే కుక్క పక్కన నలభై నిమిషాలు చిట్టి వణుకుతూనే ఉంది. ఇంత తెలిసిన డాక్టరుగారు కుందేళ్ళకి, పిల్లులకి వేరే మూల చూపించాలి. అప్పటిదాకా మీరు ముందే ఫోన్ చేసి, పిలిచేవరకు బయట ఆటోలోనే ఉండండి.