పాత సన్మైకా షట్టర్లకు ఏది మేలు: రంగా, స్టిక్కరా, కొత్త సన్మైకానా?

హైదరాబాద్ పాత అపార్ట్‌మెంట్లలో చాలా వంటిళ్లది ఒకటే పరిస్థితి. లోపలి ప్లైవుడ్ గట్టిగానే ఉంటుంది, పైనున్న సన్మైకా (లామినేట్ షీటు) మాత్రం వెలిసి, హ్యాండిల్ చుట్టూ నల్లబడి ఉంటుంది. దానికోసం కిచెన్ మొత్తం పీకించడం డబ్బు దండగ. షట్టర్లు, అంటే అల్మారా తలుపులు, బాగుంటే రంగే మేలని నేను గట్టిగా అంటాను. కానీ పొయ్యి పక్కన, సింకు కింద మాత్రం కాదు.

స్టిక్కర్ షీట్లు అన్నిటికన్నా చవక, సాయంత్రానికల్లా పని అయిపోతుంది. అద్దె ఇంటికి అవి చాలు. రోజూ పోపు పెట్టే పొయ్యి దగ్గర మాత్రం వేడికి అంచులు లేస్తాయి, ఆ సందులో జిడ్డు చేరుతుంది.

రంగు సంగతి కాస్త వివరంగా చెప్పాలి. సన్మైకా పైపొర మెలమైన్ అనే గట్టి ప్లాస్టిక్ లాంటి రెజిన్. చెక్కలా అది రంగును పీల్చుకోదు, నున్నగా ఉంటుంది కాబట్టి పట్టు దొరకదు. అందుకే నేరుగా వేసిన ఎనామెల్ గోటితో గీకినా ఊడొస్తుంది. ముందు గిన్నెల సబ్బు, వేడినీళ్లతో జిడ్డంతా వదిలించాలి. జిడ్డు ఉండగా రుద్దితే అది గీతల్లోకి దిగిపోతుంది. ఆరాక 220 నంబరు సాండ్ పేపర్‌తో మెరుపు పోయేదాకా రుద్ది, దుమ్ము తుడవాలి. ఆపైన లామినేట్‌కి పట్టుకుంటుందని డబ్బా మీద రాసి ఉన్న ప్రైమరే వేయాలి, మామూలు వుడ్ ప్రైమర్ పనికిరాదు. డబ్బు మిగిల్చుకోవాలంటే రంగులో తగ్గించండి, ప్రైమర్‌లో వద్దు.

ఎనామెల్ చవకే, కానీ తెలుపు వేస్తే కొన్నాళ్లకు పసుపు తిరుగుతుంది. హార్డెనర్ కలిపే పీయూ (పాలియురేథేన్) పెయింట్ గట్టిగా నిలుస్తుంది. దాని ఆవిరి మంచిది కాదు, కాబట్టి తలుపులు ఊడదీసి బయట పెట్టి, సరైన మాస్కు ఉన్న పనివాళ్లతోనే వేయించండి. ఏ రంగైనా పలుచగా రెండు పూతలు వేయాలి. చేతికి ఆరినట్టున్నా వారం దాకా గట్టిగా తుడవకూడదు. వానాకాలంలో ఆరడం ఇంకా ఆలస్యం, దసరా దాటాక పెట్టుకోండి.

కొత్త సన్మైకాకు కార్పెంటర్ కూలి తోడవుతుంది, ఖర్చు ఎక్కువ. కానీ వేడికి, తడికి, రోజూ తుడిచే తుడుపుకు దానంత ఓర్పు రంగుకు లేదు. రాణీగంజ్‌లో 8 అడుగులకు 4 అడుగుల షీటు ఒకటి తెస్తే పొయ్యి చుట్టుపక్కల తలుపులకు సరిపోవచ్చు. పాతదాని మీదే అతికిస్తే 1 మిల్లీమీటరు మందం పెరుగుతుంది, హింజెస్ సరిచేయించుకోవాలి.

సింకు కింద షట్టరు ప్లైవుడ్ కాక పార్టికల్ బోర్డు (చెక్కపొట్టు అదిమి చేసిన బోర్డు) అయి, అది ఉబ్బి ఉంటే ఈ మూడింటిలో ఏదీ వద్దు. ఉబ్బిన బోర్డు మళ్లీ అణగదు. ఆ ఒక్క షట్టరు ఐఎస్ 710 ముద్ర ఉన్న, తడిని తట్టుకునే మెరైన్ ప్లైవుడ్‌తో కొత్తగా చేయించండి.

పెయింటర్‌ని మాట్లాడుకునేటప్పుడు ముందు ఒక తలుపు లోపలివైపు వేసి చూపించమనండి. వారం ఆగి, బ్లేడుతో అడ్డంగా నిలువుగా గీసి, టేపు అంటించి లాగండి. రంగు టేపుతో రాకపోతేనే మిగతా తలుపులు అప్పగించండి.