మూడు వేల మీటర్ల అడుగున కలక సెన్సర్: నాలుగుసార్లు దింపాక

ఒత్తిడి తట్టుకుంటుందా, బ్యాటరీ ఎన్నాళ్లొస్తుంది లాంటివి బ్రోషర్లోనే ఉంటాయి, వదిలేస్తున్నాను. నా కోపమంతా ఒక్కదాని మీదే. కలకను, అంటే నీళ్లలో తేలే మట్టిని, వెలుగు చిమ్మి కొలిచే ఈ ఆప్టికల్ సెన్సర్‌కు వెనక్కొచ్చిన వెలుగే లెక్క. వెనక్కి కొట్టింది మట్టో మరొకటో దానికి అక్కర్లేదు.

మొదటిసారి బంగాళాఖాతం నడుమ, పాత రైలు చక్రాలు లంగరుగా కట్టి, అడుగుకు ఐదు మీటర్ల పైన బిగించాం. ఏడాది తరవాత తీసి గ్రాఫు గీస్తే కళ్లు చెదిరాయి. 12 గంటల 25 నిమిషాలకోసారి కలక ఎగబాకుతోంది. ఆటుపోట్ల కాలం అదే కదా! ప్రవాహమే అడుగు మట్టిని లేపుతోందని పేపరు రాయడం కూడా మొదలెట్టాను. మింగుడుపడనిది ఒకటుంది. పక్కనున్న కరెంట్ మీటరులో (నీటి ప్రవాహం వేగం, దిశ కొలిచేది) వేగం సెకనుకు ఐదారు సెంటీమీటర్లు దాటలేదు. అంతమాత్రానికి మట్టి లేస్తుందా? పైగా నీళ్లు ఈశాన్యానికి తిరిగితేనే కలక, అదే వేగంతో నైరుతికి పోతే తేట. మూరింగ్ (లంగరుకు కట్టి పరికరాలు బిగించిన కేబులు) పైకొచ్చినప్పుడు తీసిన ఫొటోలు పెద్దవి చేసి చూస్తే, కేబులుకు చుట్టిన టేపు కొస బెత్తెడు ఊడి వేలాడుతోంది. ప్రవాహం అటు తిరిగినప్పుడల్లా వచ్చి సెన్సర్ కంటికి అడ్డం పడింది. చుట్టింది నేనే.

మూడోసారి మాత్రం మురిపించింది. వేగం పెరగకుండానే నాలుగు రోజులు కలక నిలిచింది. అంతకు ముందురోజే ప్రవాహం దిశ మారింది. ఎక్కడో లేచిన మట్టి మా దగ్గరికి కొట్టుకొచ్చిందన్నమాట. 1980ల్లో కెనడాలోని నోవాస్కోషియా అవతల, 4,800 మీటర్ల లోతున హెబ్‌ల్ అనే సముద్రగర్భ ప్రయోగం వాళ్లు చూసిన అడుగు తుఫాన్ల (ఉధృత ప్రవాహం అడుగు మట్టిని లేపేయడం) ముందు ఇది పిల్లకాలువే, అయినా మాది.

పాచి పట్టదని మొదట్లో అందరికీ చెప్పాను. అది సెన్సర్ గొప్ప కాదు, అంత లోతున వెలుగుండదు గనక. రేవులో పరీక్షకు దింపితే మూడు వారాలకే అద్దం మసకబారింది.

ఇంకోటి, కంపెనీ వాళ్లు ముందే సరిచూసి ఇచ్చే లెక్కతో, అంటే ఫ్యాక్టరీ క్యాలిబ్రేషన్‌తో నీళ్లలో మట్టి ఎన్ని మిల్లీగ్రాములో లెక్కగట్టొద్దు. బరువు ఒకటే అయినా సన్నటి బంకమన్ను ఇసుక కంటే ఎన్నో రెట్లు మెరుస్తుంది. మేం అక్కడి మట్టే తెచ్చి బక్కెట్లో కలిపి సరిచూసుకున్నాం.

మళ్లీ కొంటానా? మాకు ఓడ ఏడాదికోసారే దొరుకుతుంది, పక్కన కరెంట్ మీటరుంది కాబట్టి కొంటాను. అడుగు మట్టి తెచ్చుకునే దారి మీకు లేకపోతే నా మాట పట్టుకోకండి.