మూడేళ్లుగా బాల్కనీలో బేసిల్, ఇంట్లోనే పెస్తో

హైదరాబాద్‌లో మాది మూడో అంతస్తు, తూర్పు బాల్కనీ. మూడేళ్లుగా అక్కడ పెస్తో కోసమే బేసిల్ పెంచుతున్నాను. బేసిల్ అంటే మన తులసికి దగ్గరి సువాసన మొక్క. దాని ఆకు, గింజపప్పు, చీజ్, ఆలివ్ నూనె కలిపి నూరే, పాస్తాలో కలుపుకునే పచ్చడే పెస్తో. కొత్తగా మొదలుపెట్టేవాళ్లకు ముందుగా ఒక మాట. ఒక్క మొక్క పాస్తా మీద నాలుగు ఆకులు చల్లుకోవడానికి సరిపోతుంది, పెస్తోకి మాత్రం చాలదు. మా నలుగురికి ఒక పూట పెస్తో కావాలంటే కాడలు తీసేశాక 50-60 గ్రాముల ఆకు ఉండాలి. అందుకే ఇప్పుడు పది అంగుళాల కుండీలు ఆరు పెట్టాను, ఒక్కోదాంట్లో మూడేసి మొక్కలు.

మొదటి ఏడాది విత్తనాల దగ్గరే దెబ్బతిన్నాను. బేసిల్ అని తెప్పించిన ప్యాకెట్ నుంచి ఊదా కాడలతో, మొనదేలిన ఆకులతో, సోంపు వాసనతో మొక్కలొచ్చాయి. అది థాయ్ బేసిల్. కూరల్లోకి బాగుంటుంది గానీ పెస్తోకి కుదరదు. పెస్తో పుట్టిల్లు ఇటలీలోని జెనోవా. అక్కడ వాడేది జెనోవీస్ రకం, దాని ఆకు మెత్తగా, దొప్పలా వంగి ఉంటుంది. ప్యాకెట్ మీద ఆ పేరు చూసి కొనండి. మా అత్తయ్యగారు ఆ ఆకు నలిపి చూసి, "ఇది మన రుద్రజడలాగే ఉందమ్మా, సబ్జా గింజలొచ్చే మొక్క" అన్నారు. నిజమే, రెండూ ఒకే జాతి. తడి తగిలితే ఈ గింజలకూ సబ్జాలాగే జిగురు పొర వస్తుంది. లోతుగా పాతకుండా పైన చల్లి, పల్చగా మట్టి కప్పితే చాలు, వారంలోపు మొలుస్తాయి.

ఇక అసలు పని తలలు తుంచడం. ఇది తెలియక మొదట్లో కింది పెద్ద ఆకులు కోస్తూ వచ్చాను. మొక్క సన్నగా సాగి, పూత పట్టి, ఆకు చిన్నదైపోయింది. దగ్గరగా చూస్తే ప్రతి కణుపు దగ్గర ఆకు, కాడ కలిసేచోట అటొకటి ఇటొకటి బుల్లి చిగుళ్లు ఉంటాయి. సరిగ్గా వాటి పైన గోటితో తుంచితే ఒక కొమ్మ రెండవుతుంది. ఆరు ఆకులు వచ్చినప్పుడు మొదలుపెట్టి తుంచుతూ ఉంటే మొక్క పొదలా అవుతుంది. మొదటిసారి తుంచాలంటే ప్రాణం ఒప్పదు, అయినా తుంచండి.

అక్టోబరు నుంచి ఫిబ్రవరి దాకా దీనికి మంచి కాలం. ఏప్రిల్, మే నెలల్లో పదకొండు దాటాక నీడకు గ్రీన్ నెట్ తప్పనిసరి, నీళ్లు రెండు పూటలా పోయాలి. వానాకాలమే కష్టం. రెండో ఏడాది ఆకుల పైన పసుపు మచ్చలు, తిప్పి చూస్తే అడుగున బూడిదరంగు బూజు. రెండు కుండీలు పూర్తిగా తీసేయాల్సొచ్చింది, చాలా బాధేసింది. అప్పటినుంచి ఆకు తడపకుండా మొక్క మొదలు దగ్గరే నీళ్లు పోస్తున్నాను, కుండీల మధ్య జానెడు ఎడం ఉంచుతున్నాను. మా ఇంట్లో ఏ మొక్కా ఐదు నెలలకు మించి బాగా ఆకు ఇవ్వలేదు. రెండు నెలలకోసారి కొత్త గింజలు వేస్తే కొరత ఉండదు. కోసిన కొమ్మలు ఫ్రిజ్‌లో పెడితే ఆకు నల్లబడుతుంది, గ్లాసు నీళ్లలో గట్టు మీదే ఉంచండి.

పెస్తో మిక్సీలో చేస్తే జార్ వేడికి రంగు మాడినట్టు అయ్యేది, ఆలివ్ నూనె చేదెక్కేది. ఇప్పుడు రోట్లోనే చేస్తున్నాను. పచ్చళ్లు నూరే రోటికి కారం పట్టి ఉంటుంది, అందుకని దీనికి చిన్న రోలు విడిగా కొన్నాను. ముందు ఒక వెల్లుల్లి రెబ్బ, కాస్త కల్లుప్పు. తర్వాత జీడిపప్పు. జెనోవాలో పైన్ గింజలు వేస్తారు, ఇక్కడ వాటి ధర ఎక్కువ. ఆ తర్వాత కడిగి పూర్తిగా ఆరబెట్టిన ఆకు గుప్పెడు గుప్పెడుగా వేస్తూ, దంచకుండా రోటి గోడకు ఆనించి తిప్పుతూ నూరాలి. పదిహేను నిమిషాలు పడుతుంది. పర్మేసన్ చీజ్, నూనె చివర్లో కలుపుతాను. రంగు లేత పచ్చగా నిలుస్తుంది, వాసన ముందు గది దాకా వస్తుంది.

ఫిబ్రవరిలో ఆకు ఎక్కువగా ఉన్నప్పుడు చీజ్ లేకుండా నూరి, ఐస్ ట్రేలో గడ్డకట్టిస్తాను. వానల్లో కుండీలు ఖాళీ అయినప్పుడు రెండు ముక్కలు తీసి, చీజ్ కలుపుకుంటే ఆ పూటకి సరిపోతుంది.