తిరుపతి ఎండ, కొండ దారి, కొత్త కారు: అంగడిలో దొరికే ఆయిళ్లలో ఏది పోయించాలి?

"మన ఎండకు నీళ్లలాంటి ఆయిల్ నిలవదు సార్. పైగా కొండ ఎక్కే బండి. 20డబ్ల్యూ-50 పోయించండి, ఇంజిన్ మెత్తగా పోతుంది." తిరుపతిలోనైనా చిత్తూరులోనైనా స్పేర్ పార్ట్స్ అంగళ్లలో ఈ సలహా ఇప్పటికీ వినబడుతుంది. చెప్పేవాళ్లు మంచికే చెబుతారు. అంబాసిడర్లకు, పాత జీపులకు అది సరిపోయిన మాటే. 2020 ఏప్రిల్‌లో బీఎస్-6 పొగ నిబంధనలు వచ్చాక కొన్న పెట్రోల్ కారుకు మాత్రం అది హాని చేసే సలహా. ఎందుకో తెలిస్తే, అంగట్లో వరుసగా పెట్టిన డబ్బాల్లో ఏది తీసుకోవాలో, దేన్ని పక్కన పెట్టాలో మీకే తేలిపోతుంది.

ముందు ఎండ సంగతి. ఇంజిన్‌లో థర్మోస్టాట్ ఉంటుంది, రేడియేటర్‌కు ఫ్యాన్ ఉంటుంది. బయట 25 డిగ్రీలున్నా 43 డిగ్రీలున్నా కూలెంట్‌ను దాదాపు 85-95 డిగ్రీల దగ్గర నిలబెట్టడం వాటి పని. ఆయిల్ వేడి మామూలుగా 100 డిగ్రీల చుట్టుపక్కల తిరుగుతుంది. మే నెల మధ్యాహ్నం రోడ్డు మీద మనకు తగిలే వేడి ఆయిల్‌కు అంతే మోతాదులో తగలదు. కాబట్టి ఎండ పేరు చెప్పి గ్రేడ్ మార్చాల్సిన అవసరం లేదు.

ఇక చిక్కదనం. గ్రేడ్‌లో డబ్ల్యూ ముందున్న అంకె చల్లటి ఇంజిన్‌లో, వెనకున్న అంకె వేడెక్కిన ఇంజిన్‌లో ఆయిల్ ఎంత చిక్కనో చెబుతుంది; అంకె చిన్నదైతే ఆయిల్ పల్చన. 100 డిగ్రీల దగ్గర 0డబ్ల్యూ-16 ఆయిల్ చిక్కదనం సుమారు 7 సెంటీస్టోక్స్ (చిక్కదనానికి ఒక కొలత), 0డబ్ల్యూ-20ది 8 పైచిలుకు, 5డబ్ల్యూ-30ది 10-11, 20డబ్ల్యూ-50ది 18 దరిదాపు. అసలు తేడా 40 డిగ్రీల దగ్గర చూడాలి. అది ఎండలో నిలబెట్టిన కారును మనం స్టార్ట్ చేసే వేడి. అక్కడ 0డబ్ల్యూ-16 సుమారు 35, 0డబ్ల్యూ-20 సుమారు 45, 5డబ్ల్యూ-30 అరవై పైన, 20డబ్ల్యూ-50 అయితే 150 దాటుతుంది. కారుతో వచ్చిన పుస్తకంలో 0డబ్ల్యూ-16 అని ఉంటే, దానికంటే నాలుగు రెట్లు చిక్కన. రాత్రంతా నిలిచిన ఇంజిన్‌లో ఆయిల్ కింద చాంబర్‌లోకి దిగిపోయి ఉంటుంది. తాళం తిప్పాక అది పైన వాల్వులను కదిపే క్యామ్‌షాఫ్ట్ దాకా చేరేలోపే అరుగుదల ఎక్కువ. "0డబ్ల్యూ అంటే మంచు దేశాలకు, మనకెందుకు" అనేవాళ్లు ఇక్కడే పొరబడతారు. 28 డిగ్రీల తెల్లవారుజామున కూడా పల్చని ఆయిలే ముందు పైకి చేరుతుంది.

కొత్త పెట్రోల్ ఇంజిన్లలో వాల్వుల టైమింగ్‌ను ముందుకు వెనక్కి జరిపే భాగాలు ఆయిల్ ప్రెషర్‌తోనే పనిచేస్తాయి. వాటికి పోయే దారులు సన్నన, మధ్యలో చిన్న జల్లెడ కూడా ఉంటుంది. చిక్కటి ఆయిల్ పోస్తే టైమింగ్ ఆలస్యంగా జరుగుతుంది, పికప్ మందగిస్తుంది, మైలేజీ పడిపోతుంది, ఒక్కోసారి చెక్ ఇంజిన్ లైటు కూడా వెలుగుతుంది. పిస్టన్ రింగులు కూడా తక్కువ ఒత్తిడితో, సన్నగా ఉండేవి. చిక్కటి ఆయిల్‌ను అవి పూర్తిగా గీకలేకపోతే ఆ మిగిలింది కాలుతుంది. మెత్తగా పోతుందన్న మాటలో నిజం ఒక్కటే: చిక్కటి ఆయిల్ శబ్దాన్ని మింగుతుంది. శబ్దం తగ్గినంత మాత్రాన అరుగుదల తగ్గినట్టు కాదు.

ఇప్పుడు ఒక్కో డబ్బా సంగతి.

కార్ల కంపెనీ పేరుతో అమ్మే ఆయిల్: మారుతి సుజుకీ కొత్త కే-సిరీస్, జెడ్-సిరీస్ పెట్రోల్ ఇంజిన్లకు 0డబ్ల్యూ-16 చెబుతుంది, ఎక్‌స్టార్ పేరుతో అదే అమ్ముతుంది. రేణిగుంట రోడ్డు షోరూముల సర్వీస్ సెంటర్లలో పోసేదీ ఈ తరహా ఆయిలే. వారంటీ ఉన్నన్నాళ్లు వేరే ఆలోచన అక్కర్లేదు, ఇదే పోయించండి. గ్రేడ్ విషయంలో పొరపాటు జరిగే అవకాశం తక్కువ, బిల్లు రికార్డులో ఉంటుంది. ఒక్క జాగ్రత్త: చాలా సర్వీస్ సెంటర్లలో డబ్బా విప్పరు, డ్రమ్ము నుంచి గన్‌తో పోస్తారు. అందులో తప్పేమీ లేదు, కానీ జాబ్ కార్డు మీద "ఇంజిన్ ఆయిల్" అని మాత్రమే రాసి ఉంటే ఒప్పుకోవద్దు. గ్రేడ్, ఎన్ని లీటర్లు, రెండూ రాయించండి. 3.1 లీటర్లు పట్టే ఇంజిన్‌కు 3.5 లీటర్ల బిల్లు వస్తే అడిగే హక్కు మీకుంది.

బజారు 0డబ్ల్యూ-20: హోండా పెట్రోల్ కార్లకు ఇది ఎప్పటినుంచో ఉన్న గ్రేడ్, ఇంకా చాలా కంపెనీలు ఇప్పుడు దీన్నే రాస్తున్నాయి. మొబిల్ 1, షెల్ హెలిక్స్ అల్ట్రా, మోతుల్ 8100 ఎకో-లైట్, ఈ మూడింటిలోనూ 0డబ్ల్యూ-20 ఉంది. వీటి మధ్య పేరు చూసి తలబద్దలు కొట్టుకోనక్కర్లేదు. డబ్బా వెనక గుండ్రటి ఏపీఐ (అమెరికన్ పెట్రోలియం ఇన్‌స్టిట్యూట్) గుర్తు చూడండి: పైన సర్వీస్ తరగతి, అంటే ఆయిల్ నాణ్యత స్థాయి, నడుమ గ్రేడ్ ఉంటాయి. ఎస్‌పీ తరగతి 2020లో వచ్చింది, ఎస్‌క్యూ 2025లో వచ్చింది. పుస్తకంలో ఎస్‌ఎన్ అని ఉంటే ఎస్‌పీ నిశ్చింతగా వాడొచ్చు, ఎస్‌పీ అడిగిన కారుకు పాత ఎస్‌ఎన్ పోయకూడదు. డబ్బా ముందువైపు ఇల్సాక్ (కార్ల కంపెనీలు పెట్టుకున్న ఆయిల్ ప్రమాణం) గుర్తుంటే ఇంకా మంచిది. 0డబ్ల్యూ-16కు జీఎఫ్-6బీ, 0డబ్ల్యూ-20కి, 5డబ్ల్యూ-30కి జీఎఫ్-6ఏ; 2025లో వాటి తర్వాతివి జీఎఫ్-7బీ, జీఎఫ్-7ఏ వచ్చాయి. "ఫుల్లీ సింథటిక్" అన్న పెద్దక్షరాల కంటే ఈ చిన్న గుర్తులకే విలువ ఎక్కువ. మొదటిది కంపెనీ అచ్చు వేసుకునే మాట, రెండోది పరీక్షలకు నిలబడి తెచ్చుకున్న గుర్తు.

0డబ్ల్యూ-16 రాసిన కారుకు 0డబ్ల్యూ-20 పోయొచ్చా అంటే, కొన్ని కార్ల పుస్తకాల్లో "దొరకనప్పుడు" అంటూ 0డబ్ల్యూ-20, 5డబ్ల్యూ-30 కూడా ఇస్తారు. మీ పుస్తకంలో ఉంటే పోయొచ్చు, మైలేజీ కాస్త తగ్గుతుంది, అంతే. పుస్తకంలో లేకపోతే పోయొద్దు. పుస్తకంలో 0డబ్ల్యూ-20 అని ఉంటే మాత్రం ఎంత మంచి కంపెనీ డబ్బా అయినా 0డబ్ల్యూ-16కు దిగొద్దు. 150 డిగ్రీల వేడిలో, ఒత్తిడిలో నిలిచే కనీస చిక్కదనం 0డబ్ల్యూ-16కు 2.3 మాత్రమే (ఇది వేరే కొలత, మిల్లీపాస్కల్ సెకన్లలో), 20 గ్రేడుకు 2.6, 5డబ్ల్యూ-30కి 2.9. బేరింగులు ఆ అంకెకు తగ్గట్టు తయారై ఉండాలి. పల్చనకు దిగడం చిక్కనకు ఎక్కడం కంటే పెద్ద తప్పు.

5డబ్ల్యూ-30: అంగట్లో ఎక్కువగా కదిలే సరుకు ఇదే, ప్రతి కంపెనీదీ దొరుకుతుంది. పుస్తకం ఈ గ్రేడ్ అడిగిన కార్లకు నిశ్చింతగా కొనండి. అయితే 5డబ్ల్యూ-30 అని రాసున్న డబ్బాలన్నీ ఒకటి కావు. పెట్రోల్ టర్బో, డైరెక్ట్ ఇంజెక్షన్ ఇంజిన్లకు ఎస్‌పీ తరగతి చూసి తీసుకోండి. తక్కువ స్పీడులో, ఎక్కువ గేరులో యాక్సిలరేటర్ గట్టిగా తొక్కితే ఇంధనం స్పార్క్ కంటే ముందే అంటుకుని పిస్టన్‌ను పగలగొట్టే ప్రమాదం ఈ ఇంజిన్లకు ఉంది. ఆయిల్‌లో కాల్షియం ఆధారిత డిటర్జెంట్ ఎక్కువైతే ఆ ప్రమాదం పెరుగుతుంది. ఎస్‌పీ పరీక్షల్లో దీన్ని చూస్తారు. కొండ ఎక్కేటప్పుడు నాలుగో గేరులో బండిని ఈడ్పించడం ఇందుకే చెడ్డది. గేరు దించండి, ఇంజిన్‌ను తిరగనివ్వండి.

డీజిల్ అయితే లెక్క వేరు. బీఎస్-6 డీజిల్ కారు సైలెన్సర్ దారిలో మసి పట్టే ఫిల్టర్ ఉంటుంది. ఆయిల్ కాలినప్పుడు మిగిలే బూడిద ఆ ఫిల్టర్‌లో చేరితే ఇక పోదు. అందుకే ఏసీఈఏ (యూరప్ కార్ల కంపెనీల సంఘం) సీ2, సీ3 లాంటి తక్కువ బూడిద ఆయిళ్లు అడుగుతారు. వాటిలో బూడిద 0.8 శాతం మించదు. లారీలకు పోసే సీఐ-4 ప్లస్ 15డబ్ల్యూ-40లో అంతకంటే చాలా ఎక్కువ. "డీజిలే కదా, లారీకి పోసేదే" అని పోస్తే ఆ ఫిల్టర్ ముందుగానే పూడుకుంటుంది, దాని ధర ఆయిల్ ధరకు ఎన్నో రెట్లు. ఊళ్లోనే లీలామహల్ సర్కిల్ నుంచి బాలాజీ కాలనీకి, అక్కడి నుంచి ఇంటికి, ఇలా రెండేసి కిలోమీటర్లు తిరిగే డీజిల్ బండిలో ఫిల్టర్ శుభ్రమయ్యే పని మధ్యలో ఆగిపోయి డీజిల్ ఆయిల్‌లోకి దిగుతుంది. డిప్‌స్టిక్ (ఆయిల్ మట్టం చూసే కమ్మీ) మీద ఆయిల్ "పెరిగినట్టు" కనబడితే సంతోషించొద్దు. పై గీత దాటితే వెంటనే మార్పించండి.

20డబ్ల్యూ-50, 20డబ్ల్యూ-40: కొత్త కారుకు వద్దు. లీటరు ధర ఫుల్ సింథటిక్‌లో సగం ఉండొచ్చు, కానీ పట్టేది మూడున్నర లీటర్లే, మార్చేది ఏడాదికొకసారే. బైకు ఆయిల్ డబ్బాలు కూడా ఇదే అరలో ఉంటాయి. జాసో ఎంఏ2 అని ఉంటే అది బైకు క్లచ్ కోసం చేసింది, కారుకు కాదు.

ఇక కొండ సంగతి. తిరుమల రెండో ఘాట్ రోడ్డులో పైకి సుమారు 700 మీటర్ల ఎత్తు ఎక్కుతాం. ఐదుగురు మనుషులు, సామాను, ఏసీ, రెండో గేరు. ఆయిల్‌కు ఇది నిజంగానే కష్టమైన పని. భాకరాపేట ఘాట్, మొగిలి ఘాట్ మీద తరచూ పోయేవాళ్లకూ ఇదే వర్తిస్తుంది. కానీ దీనికి జవాబు గ్రేడ్ మార్చడం కాదు, మార్చే గడువు తగ్గించడం. కారు పుస్తకంలో "కఠిన పరిస్థితులు" అన్న పేజీ ఒకటి ఉంటుంది, ఎవరూ తిప్పరు. కొండ దారి, దుమ్ము, చిన్న చిన్న ప్రయాణాలు అందులోనే ఉంటాయి. చాలా కార్లకు మామూలు గడువు 10,000 కిలోమీటర్లు లేదా ఏడాది, ఏది ముందైతే అది. వారానికి ఒకటి రెండుసార్లు కొండకు పోయే బండికి, ట్రావెల్స్‌లో తిరిగే బండికి 5,000 నుంచి 7,500 దగ్గర మార్చడం మంచిది.

నకిలీ సరుకు భయం ఉత్తది కాదు. మూత కింద రింగు తెగి ఉండకూడదు, మూత లోపల రేకు సీలు ఉంటే అది మీ ముందే చింపాలి. బ్యాచ్ నంబరు, తయారీ తేదీ చెరిపేసినట్టున్నా, రెండు మూడేళ్లు దాటినా ఆ డబ్బా వద్దు. క్యూఆర్ కోడ్ ఉంటే స్కాన్ చేయండి. జీఎస్టీ బిల్లు లేని తగ్గింపు ధరను నమ్మొద్దు. పని అయ్యాక ఖాళీ డబ్బాకు స్క్రూడ్రైవర్‌తో రంధ్రం పొడిపించండి, అది మళ్లీ నిండకుండా ఉంటుంది.

బయట మెకానిక్ దగ్గర మార్పిస్తుంటే పక్కన నిలబడి చూడాల్సినవి ఇవి. బండి సమతలంగా ఉండాలి, ఇంజిన్ ఐదు నిమిషాలు తిరిగి గోరువెచ్చగా ఉండాలి, మరీ కాగితే చేతులు కాలతాయి. పైన ఆయిల్ మూత తీసి, కింద చాంబర్ బోల్టు విప్పి, ధార చుక్కలుగా మారేదాకా పది పదిహేను నిమిషాలు వదలాలి. బోల్టు వాషర్ కొత్తది వేయాలి. పాతదే వేసి, కారకుండా ఉండాలని పొడవాటి పానాతో బలం కొద్దీ బిగిస్తే అల్యూమినియం చాంబర్ మరలు పోతాయి. చిన్న కార్లలో ఎక్కువవాటికి 35 న్యూటన్ మీటర్ల దగ్గరి బిగింపు చాలు. ఆయిల్ ఫిల్టర్ విప్పాక పాత రబ్బరు రింగు ఇంజిన్‌కే అతుక్కుని ఉందేమో వేలితో తడిమి చూడాలి. దాని మీదే కొత్త ఫిల్టర్ బిగిస్తే రెండు రింగులు పడి, రోడ్డెక్కిన కాసేపటికే ఆయిలంతా కారిపోతుంది. ఇంజిన్లు పోయే దారుల్లో ఇది ఒకటి, తప్పించుకోవడానికి పట్టేది పది సెకన్లు. కొత్త రింగుకు కాస్త ఆయిల్ పూసి, ఆనేదాకా చేత్తో తిప్పి, ఆపైన ముప్పావు చుట్టు. పానా అక్కర్లేదు.

1.2 లీటర్ల పెట్రోల్ ఇంజిన్లు ఫిల్టర్‌తో కలిపి ఎక్కువగా 3 నుంచి 3.6 లీటర్లు పడతాయి. డబ్బా అంతా ఒకేసారి బోర్లించనివ్వొద్దు. పుస్తకంలో ఉన్నదానికి పావు లీటరు తగ్గించి పోసి, ఒక నిమిషం స్టార్ట్ చేసి, ఆపి, ఐదు నిమిషాలాగి డిప్‌స్టిక్ చూడాలి. రెండు గీతల మధ్య దూరం చాలా కార్లలో లీటరుకు కాస్త అటూ ఇటూ. పై గీత మించితే కింద తిరిగే క్రాంక్‌షాఫ్ట్ ఆయిల్‌ను చిలికి నురగ లేపుతుంది, ఆ నురగలో ప్రెషర్ నిలవదు. కింది గీత దగ్గర ఉంటే కొండ మలుపుల్లో ఆయిల్ ఒక పక్కకు పోయి పంపు గాలి పీలుస్తుంది. మలుపులో ఎర్ర ఆయిల్ లైటు మినుకుమంటే అర్థం అదే. బండి పక్కకు తీసి ఇంజిన్ ఆపాలి, అలిపిరి దాకా లాగుదామనుకోకూడదు.

ఇంజిన్ ఫ్లష్, ఆయిల్‌లో కలిపే సీసా మందులు కొత్త కారుకు అనవసరం. ఆయిల్ నల్లబడిందని గడువుకు ముందే మార్చమనే మాటా అంతే. డీజిల్‌లో కొన్ని వందల కిలోమీటర్లకే నల్లబడుతుంది, అది మసిని పట్టి ఉంచుతోందని గుర్తు.

మార్చిన మరుసటి రోజు ఉదయం, స్టార్ట్ చేయకముందు, సమతలం మీద ఇంకోసారి డిప్‌స్టిక్ చూడండి, బండి కింద నేల మీద చుక్కలున్నాయేమో వంగి చూడండి. డబ్బాలో మిగిలిన మూడు నాలుగు వందల మిల్లీలీటర్లు అక్కడ వదిలేయకుండా మూత బిగించి, తేదీ రాసి ఇంట్లో పెట్టుకోండి. వెయ్యి కిలోమీటర్లకోసారి చూసుకుంటూ, తగ్గితే అదే ఆయిల్‌తో నింపుకోవచ్చు.