ఆ రాత్రి తలుపు హ్యాండిల్‌తోనే తెరుచుకుంది: 5 స్టార్ల చిన్న కారుతో కొన్నేళ్లు

కారు పేరు రాయడం లేదు. రాస్తే ఆ కంపెనీని మెచ్చుకునేవాళ్లు ఒకవైపు, తిట్టేవాళ్లు ఇంకోవైపు చేరి అసలు విషయం పక్కకు పోతుంది. పెట్రోల్ బండి, చిన్నది, కార్లను గుద్దించి చూసి స్టార్లిచ్చే గ్లోబల్ ఎన్‌క్యాప్ సంస్థ క్రాష్ టెస్ట్‌లో పెద్దల రక్షణకు 5కు 5 స్టార్లు తెచ్చుకుంది. ఇంత తెలిస్తే చాలు. మైలేజ్, డిక్కీ, టచ్ స్క్రీన్ గురించి చెప్పేవాళ్లు కావలసినంత మంది ఉన్నారు.

మేముండేది తిరుపతిలో. మా ఆవిడ పుట్టిల్లు దామలచెరువు వైపు. పండగైనా, పెళ్లైనా, అత్తకు ఒంట్లో బాగోకపోయినా ఆ దారిన పోవాల్సిందే, తిరిగొచ్చేసరికి ఎక్కువగా చీకటి పడుతుంది. అందుకే కొనేటప్పుడు మొదట చూసింది స్టార్లు. బావమరిది ఒకటే ఎగతాళి. "ఏంది బావా, నక్షత్రాలు చూసి ముహూర్తం పెట్టుకుంటారు గానీ కారు కొంటారా ఎవురన్నా? మైలేజ్ ఎంతిస్తాదో అడుగు ముందు!" మా నాన్న షోరూంలో బానెట్ మీద వేలి కణుపులతో టకటకా కొట్టి, "రేకు గట్టిగానే ఉండాదిలే" అని తేల్చేశారు. ఆ రేకుతో పెద్దగా పని లేదని ఆయనకు చెప్పలేదు. ప్రాణం కాపాడేది రేకు కింద ఉండే ఇనుము. ముందు భాగం నలిగి దెబ్బను తను మింగాలి, మనం కూర్చునే క్యాబిన్ మాత్రం నలగకూడదు.

స్టార్ల కంటే నేను ఎక్కువ చూసింది రిపోర్టులో ఒక చిన్న వాక్యం. గంటకు 64 కిలోమీటర్ల వేగంతో బండి ముందు భాగంలో 40 శాతాన్ని అడ్డుగోడకు గుద్దించాక, బాడీ ఇంకా దెబ్బ తట్టుకోగలదా లేదా అన్నది ఆ వాక్యంలో రాస్తారు. 'నిలకడగా ఉంది', లేకపోతే 'నిలకడగా లేదు', రెండే మాటలు. 4 స్టార్లు వచ్చిన వాటిలో కూడా 'లేదు' అనిపించుకున్నవి ఉన్నాయి. నా బండికి 'ఉంది' అని రాశారు. డబ్బు కట్టింది ఆ ఒక్క మాట చూసి.

ఆ మాట విలువ తెలిసింది మామిడికాయల సీజన్‌లో ఒక రాత్రి.

చిత్తూరు వైపు వాళ్లకు జూన్, జూలై నెలల్లో రోడ్లెట్లా ఉంటాయో చెప్పక్కర్లేదు. పల్ప్ ఫ్యాక్టరీల ముందు తోతాపురి కాయల ట్రాక్టర్లు వరసగా నిలబడి ఉంటాయి. రైతుల్ని ఏమీ అనలేం, వంతు వచ్చేదాకా రాత్రంతా అక్కడే పడిగాపులు. కానీ ఆ ట్రాలీలకు వెనక లైటు ఉండదు, రిఫ్లెక్టర్ స్టిక్కర్ ఉంటే మట్టి కప్పేసి ఉంటుంది. మా ముందు ఒక ట్రాలీ సగం మార్జిన్‌లో, సగం రోడ్డు మీద ఆగి ఉంది. ఎదురుగా వస్తున్న బస్సు హైబీమ్ కంట్లో కొట్టింది. బస్సు లైట్లు దాటిపోయేసరికి ట్రాలీ వెనక పలక మీద నీలం రంగు కనిపించింది, అంతే. బ్రేక్ మీద నిలబడ్డాను. చక్రాలు పట్టేయకుండా చూసే ఏబీఎస్ కాలి కింద టకటకలాడుతోంది, స్టీరింగ్ కొంచెం కుడికి తిరిగింది. బస్సు వెనకాలే ఇంకో బండి ఉంది, అంతకంటే కుడికి పోవడానికి లేదు. ఎడమ మూల పోయి ట్రాలీ కుడి మూలకు తగిలింది. మా ఆవిడ కూర్చున్న వైపు.

ఎయిర్‌బ్యాగ్‌లు తెరుచుకోవడం కనిపించదు. శబ్దం వినిపిస్తుంది, తర్వాత లోపలంతా తెల్లటి పొగ, టపాకాయ కాల్చిన వాసన. "నిప్పంటుకునింది, దిగండి దిగండి" అని వెనక నుంచి అత్త అరుపు. అది నిప్పు కాదు, బ్యాగ్‌లోంచి వచ్చే పొడి, గ్యాసు. ఆ క్షణంలో అది ఎవరికి గుర్తుంటుంది? ట్రాలీలోని కాయలు కొన్ని బానెట్ మీదికి దొర్లాయి. బానెట్ అప్పడంలా మడతపడి ఉంది, ఎడమ హెడ్‌లైట్ అన్నదే లేదు.

వరసలో ఉన్న ట్రాక్టర్ల వాళ్లంతా పరిగెత్తుకొచ్చారు. ఒకాయన చేతిలో గడ్డపార. ముందు భాగం చూసి, ఎడమ తలుపు ఇరుక్కుపోయి ఉంటుందని అనుకున్నట్టున్నాడు. తలుపు సందులో గడ్డపార దూర్చబోతుంటే, లోపలి నుంచి మా ఆవిడ హ్యాండిల్ లాగింది. తలుపు తెరుచుకుంది. కిర్రుమనలేదు, భుజంతో నెట్టాల్సిన పని కూడా పడలేదు. ఇంటి ముందు బండి ఆపి దిగినట్టే దిగింది. ఆయన గడ్డపార పక్కన పెట్టి, ఆ తలుపును తానే ఒకసారి మూసి, మళ్లీ తెరిచి చూశాడు. ఏ పరీక్షకేంద్రం రిపోర్టు కంటే నాకు ఆ దృశ్యమే బాగా గుర్తుంది.

వెనక సీట్లో మా వాడు, బండిలోనే బిగించి ఉండే ఐసోఫిక్స్ కొక్కేలకు తగిలించిన పిల్లల సీట్లో ఉన్నాడు, గీత కూడా పడలేదు. అత్తకు బెల్టు పెట్టించడానికి మా ఆవిడకు కారెక్కిన ప్రతిసారీ యుద్ధమే. "గుడికి పోయేదానికి గూడా కట్టేస్తారా నన్ను" అనేది. ఆ రాత్రి బెల్టు ఉన్నచోట, భుజం నుంచి నడుము దాకా వాత తేలింది. ఆమె బంధువులకు ఫోన్ చేసినప్పుడల్లా ఆ వాత గురించే చెప్పేది, ప్రమాదం సంగతి చివర్లో వచ్చేది.

ఇక ఇన్సూరెన్స్ భాగం. ముందు సీట్ల బెల్టుల్లో ప్రీటెన్షనర్ అని ఒకటుంటుంది. గుద్దిన క్షణంలోనే చిన్న పేలుడుతో బెల్టును వెనక్కి లాగి మనిషిని సీటుకు బిగించేస్తుంది. ఒక్కసారే పనిచేస్తుంది. సర్వేయర్ వచ్చి బెల్టును చేత్తో లాగి చూసి, "బాగానే వస్తోంది కదండీ, ఇదెందుకు మార్చాలి" అన్నాడు. నాకు ఒళ్లు మండింది. ఎయిర్‌బ్యాగ్‌లు, వాటి కంట్రోల్ మాడ్యూల్, ముందు బెల్టులు రెండూ మారిస్తేనే బండి తీసుకుంటానని వర్క్‌షాప్‌లో కూర్చున్నాను. పార్టుల తరుగు కోసుకోకుండా డబ్బిచ్చే జీరో డెప్ పాలసీ ఉన్నా సంతకాలకు, పార్టులకు నెలలు పట్టింది. ఆ నెలల్లో మా ఆవిడ పుట్టింటికి ఆర్టీసీ బస్సులోనే వెళ్లింది. సెకండ్‌హ్యాండ్ కారు కొనేవాళ్లు స్టార్లు అడగడంతో ఆగకుండా, ఎయిర్‌బ్యాగ్ ఎప్పుడైనా తెరుచుకుందా, తెరుచుకుంటే బెల్టులు కూడా మార్చారా అని తప్పకుండా అడగండి.

ఇంత చెప్పాక, పొగడ్త కొంచెం తగ్గించాల్సిన చోట్లు కూడా ఉన్నాయి. బాడీ షెడ్‌లో మేస్త్రీ అద్దం పక్కనుండే పిల్లర్ మొదలు దగ్గర ఒక గీత చూపించాడు. ట్రాలీ అంచు బానెట్ పైనుంచి వచ్చి అక్కడిదాకా తాకింది. "ఇంకో జానెడు లోపలికి వచ్చుంటే స్టార్లేం చేస్తాయి సార్" అన్నాడు. నిజమే. టెస్ట్‌లో గుద్దేది బంపర్ ఎత్తులో ఉన్న, నలిగే అల్యూమినియం అడ్డాన్ని. అది దాదాపు అంతే బరువున్న ఇంకో కారును గుద్దడంతో సమానం. లారీ కిందికో, ట్రాలీ కిందికో దూరిపోతే ఆ లెక్క వేరు. లారీల వెనక కిందుండే అడ్డకమ్మీ ట్రాలీలకు ఎక్కడుంది? నన్ను కాపాడిన వాటిలో సగం వాటా బాడీది, మిగతాది గుద్దేలోపు బ్రేకులు తగ్గించిన వేగానిది.

నా 5 స్టార్లు పాత సిలబస్‌వి కూడా. 2022 జూలై నుంచి గ్లోబల్ ఎన్‌క్యాప్ పరీక్ష కఠినమైంది. బండి జారకుండా చూసే ఈఎస్‌సీ, పక్కనుంచి స్తంభానికి గుద్దించే పరీక్ష, పాదచారుల రక్షణ లెక్కలోకి వచ్చాయి. నా బండిలో ఈఎస్‌సీ లేదు, ఎయిర్‌బ్యాగ్‌లు రెండే. పిల్లల రక్షణకు వేరే మార్కులుంటాయి, అక్కడ నా బండికి 5 రాలేదు. వెనక మధ్య సీటుకు నడుము బెల్టు మాత్రమే. ఐదుగురు ఎక్కి ఏసీ వేసుకుని తిరుమల ఘాట్ ఎక్కితే ఇంజన్ మూలుగుతుంది. బావమరిది అడిగిన మైలేజ్ సంగతి నేనెత్తను.

ఇప్పుడు కొనేవాళ్లకు మన దేశంలోనే భారత్ ఎన్‌క్యాప్ ఉంది, 2023 అక్టోబర్ నుంచి అమల్లోకి వచ్చింది. రేటింగ్ స్టిక్కర్ మీది క్యూఆర్ కోడ్ స్కాన్ చేసి షోరూంలోనే చూసుకోవచ్చు. కంపెనీ పేరును నమ్ముకుని కొనకండి. ఒకే కంపెనీ స్విఫ్ట్‌కు గ్లోబల్ ఎన్‌క్యాప్‌లో 2022లో 1 స్టారు వస్తే, 2024లో కొత్త డిజైర్‌కు 5 వచ్చాయి. మార్కులు ఆ మోడల్‌వి, ఆ సంవత్సరానివి.

నాలాగా రాత్రిపూట హైవే ఎక్కే పని లేకుండా అలిపిరి, రేణిగుంట రోడ్డు, టౌన్ క్లబ్ మధ్య తిరిగేవాళ్లకు ఇదే సలహా ఇస్తానా అంటే, ఇవ్వనేమో. వాళ్లకు పార్కింగ్, మైలేజ్ పెద్ద సమస్యలు. నా దారి వేరు, నా భయం వేరు. ఈరోజు కొత్తగా కొనాల్సొస్తే ఇదే బండి కొనను, ఈఎస్‌సీ, ఆరు ఎయిర్‌బ్యాగ్‌లు, ఐదుగురికీ భుజం బెల్టులున్నది చూసుకుంటాను. కానీ దీని అప్పు తీరిపోయింది, బండి బాగానే నడుస్తోంది, అమ్మబుద్ధి కావడం లేదు. మధ్య సీట్లో మాత్రం ఎవరినీ కూర్చోనివ్వడం మానేశాను. ఐదో మనిషి వస్తే బస్సే. ఆ ఐదో మనిషి ఎక్కువగా బావమరిదే అవుతున్నాడు.